తొర్రిపన్నోడి ఎముకలు

శనివారం లారీ వస్తుందని ప్రెసిడెంటు సెరాఫిమ్ కాఫీకొట్టు అరుగు మీద నిలబడి చెప్పాడు. లారీ సామాన్లకు కాదు, చచ్చిపోయినవాళ్ళకు. చర్చి వెనక ఎముకల గదిలో ఉన్న పెద్దలను ఎవరివాళ్ళను వాళ్ళు దించుకుని, శుభ్రం చేసి, పెట్టెల్లో సర్దిపెట్టుకోవాలి. మునగబోయే ఊరికి బదులు పైన రోడ్డు పక్కన కొత్త కాలనీ కట్టారు, అందులో కొత్త చర్చి కట్టారు, దాని వెనక కొత్త ఎముకల గది కట్టి గోడలకు సున్నం కూడా వేశారు. అంతా ప్రభుత్వం వారి దయ అని సెరాఫిమ్ అన్నాడు. పక్కన కుర్చీలో కూర్చున్న సార్జెంటు, ఆ దయ తనదే అయినట్టు, సిగరెట్టు పొగ మెల్లగా వదిలాడు.

మగవాళ్ళంతా తలలూపారు. ఆనకట్ట మొదలైన నాటి నుంచి మవ్రోలిథి ఊళ్ళో మగవాళ్ళకు తలూపడమే పనైపోయింది. నదికి అడ్డంగా గోడ లేస్తే ఊపారు. మొక్కజొన్న చేలు కొలుచుకుపోతే ఊపారు. పోయిన నెల నీళ్ళు వెనక్కి తన్ని పిండిమర మునిగిపోతే అప్పుడూ ఊపారు. మెడలు అరిగిపోవడం లేదంటే అది వాళ్ళ అదృష్టం.

కట్టెల గాడిదను తోలుకుంటూ అటుగా పోతున్న అసీమో మాత్రం గాడిదను ఆపింది.

"మరి మా ఆయన సంగతేంది?" అని అడిగింది.

కాఫీకొట్టులో గవ్వలు విసురుతున్న చేతులు కూడా ఆగిపోయాయి.

"ఏ ఆయన వదినా?" అన్నాడు సెరాఫిమ్, తెలియనట్టు.

"నాకెంతమంది ఉన్నారేంది? స్తాథిస్. మర పైన గట్టు మీద అక్రోటు చెట్టు కింద ఉన్నాడు. రేపో మాపో నీళ్ళు ఆడికొస్తయ్. ఊరంతా లారీ ఎక్కుతంటే ఆయనొక్కడూ ఈత కొట్టుకుంటా రావాల్నా?"

ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. సార్జెంటు నవ్వలేదు. సముద్రపు ఒడ్డు పట్నం నుంచి వచ్చిన మనిషి, ఈ కొండలంటేనే ఆయనకు ఒళ్ళు మంట.

"బందిపోటుకు చర్చిలో చోటు లేదు. ఎక్కడున్నాడో అక్కడే ఉంటాడు," అన్నాడు.

"ఉన్నా నీకేం లాభం వదినా," అన్నాడు సెరాఫిమ్, జాలిపడుతున్నట్టు గొంతు తగ్గించి. "అట్టాంటోళ్ళను నేల తినదు. తవ్వితే నువ్వే చూడలేవు."

"మట్టికి పార్టీలు లేవు సెరాఫిమ్. నీకున్నయ్."

"పర్మిషన్ లేకుండా గొయ్యి తవ్వితే నేరం," అని సార్జెంటు లేచి నిలబడ్డాడు. "ఎముకలు ఏట్లోకి పోతాయి, నువ్వు జైల్లోకి పోతావు."

"జైలు నాకు కొత్తా? ఆయన పెళ్ళాన్నని ఆ జైలు దీవి మీద నన్ను రెండు చలికాలాలు మేపారుగా. ఆడి పప్పుచారు ఈ కొట్టు కాఫీ కంటే నయం." అసీమో గాడిదను అదిలించింది. "శనివారం తవ్వుతా. మీరు నిద్రపోతన్నప్పుడు కాదు, పొద్దున్నే ఇక్కడ కూర్చుని కాఫీ తాగేటప్పుడు తవ్వుతా. చెప్పలేదనేరు."

ఆమె పోతుంటే వెనక నుంచి సెరాఫిమ్ సార్జెంటుతో అంటున్న మాట ఊరంతా వినబడేంత గట్టిగా వినబడింది.

"ఎక్కడ దాచినా భయం లేదండీ. వాడికి ముందు పన్ను సగం లేదు. ఊరి పుర్రెలన్నీ కలిపి కుప్ప పోసినా నేను ఏరి మీ చేతికిస్తా."

*

ఆగ్రఫా కొండలంటేనే లెక్కల్లోకి ఎక్కని కొండలు. సుల్తాను శిస్తు గుమాస్తాలు ఈ దారుల్లో గుర్రాలు ఎక్కించలేక సగంలో వెనక్కి తిరిగిపోయి, ఈ ఊళ్ళను దఫ్తరాల్లో రాయకుండానే వదిలేశారని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ మీసం మెలేసి చెబుతారు. జర్మనులు కూడా ఏమీ రాసుకోలేదు, వచ్చి తగలబెట్టి పోయారు. జనం అడవిలోంచి దిగివచ్చి, దూలాలు నరుక్కుని, పలకరాళ్ళు ఏరుకుని మళ్ళీ కప్పులు వేసుకున్నారు. అసలు చేటు ఆ తర్వాత వచ్చింది. ఒకే పొయ్యి దగ్గర రొట్టె తిన్నవాళ్ళు ఆ కొండ మీద ఒకడు, ఈ కొండ మీద ఒకడు తుపాకులు పట్టుకుని కూర్చున్న కాలం అది. ఓడినవాళ్ళను ప్రభుత్వం బందిపోట్లంది. గెలిచినవాళ్ళ తమ్ముళ్ళు ప్రెసిడెంట్లయ్యారు.

సెరాఫిమ్ అన్న పేరు లూకాస్. స్తాథిస్, లూకాస్ కలిసి మేకలు కాసినవాళ్ళు. ఒకసారి లూకాస్ పోట్లమేకను కొట్టబోయి రాయి విసిరితే అది పోయి స్తాథిస్ మూతికి తగిలింది. ముందు పన్ను సగానికి విరిగింది. ఇద్దరూ ఏడుపు మానేసి ఆ ముక్కను తీసుకెళ్ళి చర్చి కప్పు మీదికి విసిరారు, ఎందుకంటే ఈ ఊళ్ళో ఊడిన పన్నును కప్పు మీదికి విసిరి కాకిని ఇనప పన్ను ఇమ్మని అడగాలి. అది పాలపన్ను కాదని పాపం ఆ వెధవలకు తెలియలేదు. కాకి మోసం చేసిందని ఊరు చాలా ఏళ్ళు నవ్వుకుంది. స్తాథిస్ మాత్రం ఆ తొర్రిలోంచి ఈల వేయడం నేర్చుకున్నాడు. ఆ ఈల వేస్తే లోయకు అవతల మేకలు తలలెత్తేవి. మేకలతో పాటు అవతలి ఒడ్డున బట్టలుతికే అసీమో కూడా తలెత్తింది. అలా పెళ్ళయింది.

ఆ యుద్ధంలో స్తాథిస్ ప్రభుత్వం మీద తిరగబడినవాళ్ళతో కొండెక్కాడు. లూకాస్ ఊళ్ళో ఉండి ప్రభుత్వం ఇచ్చిన తుపాకీ భుజాన వేసుకున్నాడు. ఒక శరత్కాలంలో కొండ మీదివాళ్ళు దిగివచ్చి లూకాస్‌ను ఇంట్లోంచి తీసుకుపోయి మర దగ్గర గుండెల మీద కాల్చారు. మరుసటి చలికాలం సైనికులు స్తాథిస్‌ను అదే చోట, అలాగే గుండెల మీద కాల్చారు. లూకాస్‌కు జెండా కప్పారు, ఊరు ఊరంతా ఏడ్చింది. స్తాథిస్‌ను అసీమో ఒక్కతే ఈడ్చుకుపోయి అక్రోటు చెట్టు కింద పూడ్చింది. మంత్రం చదవడానికి ఫాదరు రాలేదు, దీపం పెట్టడానికి పొరుగువాళ్ళు రాలేదు.

ఇక్కడ మనిషిని పూడ్చగానే పని అయిపోదు. కొన్నేళ్ళు పోయాక తవ్వి, ఎముకలు తీసి, ఎర్రటి ద్రాక్షసారాతో కడిగి, ఎండబెట్టి, ఎముకల గదిలో పెట్టాలి. అప్పుడే ఆ మనిషి ఊరి పెద్దల్లో కలిసినట్టు. ఎముకలు మైనంలా పసుప్పచ్చగా వస్తే నేల అతణ్ణి క్షమించింది. నల్లగా వస్తే ఆ ఇంటివాళ్ళు తల దించుకోవాలి. లూకాస్‌ను వాళ్ళమ్మ గరుఫాల్యా ఎప్పుడో కడిగి పెట్టె కట్టుకుంది. అసీమో అడిగిన ప్రతిసారీ ఇప్పుడు కాదన్నారు. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు అంటూనే పదహారేళ్ళు జరిపారు. ఇంక జరపడానికి ఏమీ మిగల్లేదు, నీళ్ళు వస్తున్నాయి. అక్రోటు చెట్టు మునిగితే స్తాథిస్ ఎవరి పెద్దా కాకుండా, ఎవరి దీపమూ అందకుండా నది అడుగున ఉండిపోతాడు.

*

తవ్విన చెయ్యి తలను అందుకోకూడదు. ఒకరు తవ్వాలి, ఇంకొకరు తెల్లగుడ్డ చాపి తలను అందుకోవాలి. ఒంటరిగా చేస్తే చచ్చినవాడికి ఊళ్ళో ఎవరూ లేనట్టు. అందుకని శుక్రవారం అసీమో ఇల్లిల్లూ తిరిగింది.

లాంబ్రో గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఆ రోజు మాటలు వెతుక్కుంది.

"నాకు రావాలనే ఉంది అక్కా. మావోడికి అథెన్స్‌లో బస్సు కండక్టరు పని దొరికేట్టుంది. మంచోడని స్టేషన్ నుంచి కాయితం కావాలంట. ఇప్పుడు నేనొచ్చి గుడ్డ పట్టుకుంటే ఆ కాయితం ఇస్తారా, నువ్వే చెప్పు."

అసీమో మెట్లు దిగి పక్కింటికి పోయింది. మిగిలిన ఇళ్ళలో ఒకరికి నడుం పట్టేసింది, ఒకరికి జ్వరం, ఒకరికి పొయ్యి మీద పాలు. ఊళ్ళో అన్ని పాలు ఒకేసారి పొంగుతున్నట్టుంది.

కొసకు మిగిలింది ప్రెసిడెంటు ఇల్లు. అక్కడికి పోవాలన్న ఆలోచన కూడా అసీమోకు లేదు. దాటిపోతుంటే గుమ్మం పక్క రాతి బల్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ముసలి గరుఫాల్యా పిలిచింది.

"ఏమే, అన్ని గుమ్మాలూ ఎక్కి నా గుమ్మం దాటిపోతన్నావు. నేను పోయాననుకున్నావా?"

"నీ గుమ్మం ఎక్కే మొహం నాకేడిది అత్తా?"

"మొహం సంగతి తర్వాత. కూర్చో."

అసీమో కూర్చోలేదు. గరుఫాల్యా చిక్కుడుకాయను పుటుక్కున విరిచింది.

"ఒక మాట అడుగుతా. నా లూకాస్‌ను తీసకపోయిన నాడు నీ మొగుడు వాళ్ళలో ఉన్నాడా?"

పదహారేళ్ళలో ఎవరూ ఎదురుగా అడగని మాట అది.

"లేనన్నాడు అత్తా. ఆ వారమంతా అవతల కొండ మీద ఉన్నానన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మా."

"నేను నమ్మలా." ముసలామె ఇంకో కాయ విరిచింది. "నమ్మనూ లేదు, నమ్మకుండా ఉండనూ లేదు. వాడు నా పొయ్యి కాడ పెరిగాడు. నా చేత్తో పెట్టిన రొట్టె తిన్నోడు. ఆ ముఖాన్ని చూసి నేనే అడుగుతా. రేపు ఎన్నింటికి?"

అసీమోకు వెంటనే అర్థం కాలేదు.

"నువ్వొస్తావా అత్తా? సెరాఫిమ్..."

"సెరాఫిమా?" గరుఫాల్యా నవ్వింది, అది నవ్వులా లేదు. "చచ్చిన కొడుకు ఎముకల మీద బతికున్న కొడుకు కుర్చీ ఏసుక్కూర్చున్నాడే. పండగొస్తే లూకాస్ పేరు, ఓట్లొస్తే లూకాస్ పేరు. ఆ పెట్టె కాడికొచ్చి ఒక్క దీపం పెట్టిన పాపాన పోలా. నేను ఏడవాల్సిన ఏడుపు కూడా వాడే మైకులో ఏడ్చేశాడు. నాకింక ఈ ఊళ్ళో ఎవడి పర్మిషనూ అక్కర్లా. నీకాడ సారా ఉందా?"

"పులిసిపోయిందేదో ఉంది."

"నాకాడ మంచిది ఉంది. తెస్తా."

*

శనివారం ఎండెక్కేసరికి నీళ్ళు అక్రోటు చెట్టుకు బారెడు దూరంలో ఉన్నాయి. ఊరి నది ఇలా శబ్దం లేకుండా పడుకుని ఉండటం అసీమో ఎప్పుడూ చూడలేదు. చూడగానే దాన్ని పార తిరగేసి కొట్టాలనిపించింది. కానీ పారకు వేరే పని ఉంది.

ఆమె తవ్వుతుంటే గరుఫాల్యా గట్టు మీద కూర్చుని తెల్లగుడ్డ ఒళ్ళో పరుచుకుంది. మట్టి మెత్తబడి ఉంది, నీటి చెమ్మ అప్పటికే కింద నుంచి ఎక్కుతోంది. ముందు బూటు అట్ట వచ్చింది, తర్వాత ఒక గుండీ. అసీమో పార పడేసి చేతులతో తవ్వడం మొదలుపెట్టింది. నల్లగా వస్తే ఏం చెయ్యాలి అన్న మాట ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. సెరాఫిమ్ అన్నప్పుడు తిప్పికొట్టింది గానీ, ఆ మాట ఇన్నాళ్ళూ లోపల ముల్లులా ఉండనే ఉంది.

వేళ్ళకు గుండ్రంగా తగిలింది. మట్టి ఊడదీసి చూసింది. మైనం రంగు. తేనెపట్టు కరిగించి పోసినట్టు పసుప్పచ్చగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది.

"అత్తా," అంది అసీమో. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. తినిందిరా సెరాఫిమ్, నేల తినింది, శుభ్రంగా తినింది అని కొండలు దద్దరిల్లేలా అరవాలనిపించింది. అరిచింది కూడా. అవతలి గట్టు మీద మేకలు తలలెత్తాయి.

గరుఫాల్యా గుడ్డ చాపి తలను అందుకుంది. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసింది. బొటనవేలితో ముందు పన్ను తొర్రి తడిమింది.

"ఒరే తొర్రిపన్నోడా," అంది.

ఏం అడిగిందో, ఏం జవాబు వచ్చిందో అసీమోకు తెలియదు. ముసలామె పెదవులు కదిలాయి, అంతే. కాసేపటికి గుడ్డ నాలుగు కొసలూ మడిచి లేచి నిలబడింది.

"దీన్ని నేనే మోస్తా. మిగతాది నువ్వు తీసుకురా. దొడ్డిదారిన కాదు, కాఫీకొట్టు ముందు నుంచి పోదాం."

అలాగే పోయారు. అరుగు మీద మగవాళ్ళు చేతుల్లో గవ్వలతో బొమ్మల్లా కూర్చున్నారు. ఒక ముసలాయన టోపీ తీశాడు, తీసి, ఎవరైనా చూశారేమోనని బుర్ర గోక్కున్నాడు. సెరాఫిమ్ అక్కడ లేడు. అప్పటికే ఎవరో స్టేషన్‌కు పరుగెత్తారని అసీమోకు తెలుసు.

చర్చి ఆవరణలో ఊరి ఆడవాళ్ళంతా వరసగా కూర్చుని తమతమ పెద్దలను పెట్టెల్లోంచి దించి కడుగుతున్నారు. గడ్డి మీద దుప్పట్లు, దుప్పట్ల మీద ఎండకు ఆరుతున్న తాతలు, అవ్వలు. ఇద్దరూ లోపలికి రాగానే తలలన్నీ అటు తిరిగాయి. గరుఫాల్యా చేతుల్లో ఉన్నదేమిటో అందరికీ తెలుసు. లాంబ్రో తన గిన్నె వంక చూసింది, గేటు వంక చూసింది, చివరికి పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది.

"జరగవే. చోటియ్యి. ఎంతసేపు కడుగుతావు మీ మామను, బతికున్నప్పుడు ఒక్కసారన్నా స్నానం చేశాడా ఆయన?"

నవ్వు వచ్చింది, చోటు దొరికింది.

గరుఫాల్యా తెచ్చిన సారాను అసీమో ఒక్కొక్క ఎముక మీదా పోసి కడిగింది. చేతులను, కాళ్ళను, తనను కౌగిలించుకున్న పక్కటెముకలను కడిగింది. ముసలామె ఎముకల గదిలోకి పోయి లూకాస్ పెట్టె తెచ్చి అదే దుప్పటి మీద కుమ్మరించింది.

"అత్తా, కలిసిపోతయ్," అంది అసీమో.

"కలవనీ. నువ్వు పోయి ఊటబావి కాడ కడవెడు నీళ్ళు పట్టుకురా."

అసీమో కడవ పట్టుకుని పోయింది. వెనక నుంచి రాయి మీద రాయి తగిలినట్టు టక్కుమని చిన్న చప్పుడు వినబడింది. ఆరబెట్టిన గుడ్డల మీద గాలికి ఎగరకుండా ఎవరో రాయి పెడుతున్నారనుకుంది. తిరిగి వచ్చేసరికి గరుఫాల్యా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు రెండు తలలు గుడ్డ మీద నేల వైపు ముఖాలు పెట్టి ఆరుతున్నాయి. ముసలామె కుడి చెయ్యి ముడిచి ఒళ్ళో పెట్టుకుంది.

*

జీపు వచ్చింది. సెరాఫిమ్ ముందు దిగాడు. వెనక సార్జెంటు, ఆ వెనక గోనెసంచీ పట్టుకుని ఒక కానిస్టేబులు.

"ఎవరు తవ్వారు?" అని సార్జెంటు కేకేశాడు.

"నేనే," అంది అసీమో. "చెప్పే చేశాగా."

"ఇంకెవరున్నారు?"

"అందరం ఉన్నాం," అంది లాంబ్రో, లేవకుండానే. నోట్లోంచి మాట వచ్చాక తనే భయపడింది, కానీ వచ్చిన మాటను మింగే అలవాటు ఆమెకు లేదు. "మీ జీపులో ఎంతమంది పడతారో చెప్పండి సార్జెంటుగారూ, ముసలోళ్ళను ముందు ఎక్కిస్తాం."

సెరాఫిమ్ అప్పటికే అసీమో దుప్పటి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"అమ్మా! నువ్వేంది ఇక్కడ?"

"నా కొడుకును కడుగుతన్నా. నీకు తీరిక లేదుగా."

"అన్నను తెచ్చి వాడి పక్కన పెట్టావా?"

"చిన్నప్పుడు ఒకే గొంగళిలో పడుకునేవాళ్ళు. నువ్వప్పటికి పుట్టలా."

సెరాఫిమ్ ముఖం ఎర్రబడింది. సార్జెంటు చూస్తున్నాడన్న స్పృహ ఆయనకు ఎక్కువైంది. గొంతుక్కూర్చుని ఒక తలను తీసి తిప్పాడు. ముందు పన్ను సగం లేదు.

"ఇదే," అని పైకెత్తి చూపించాడు.

కానిస్టేబులు గోనెసంచీ మూతి విప్పాడు. ఇంత చేసీ, ఇంత తెచ్చీ, ఇక్కడ, తన కళ్ళ ముందు. అసీమో సెరాఫిమ్ చేతి మీద పడబోతుంటే గరుఫాల్యా ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"తొందరేముంది నాయనా," అంది కొడుకుతో. "రెండోది కూడా చూడు."

సెరాఫిమ్ విసుగ్గా రెండో తలను తిప్పాడు.

దానికీ ముందు పన్ను సగం లేదు. అదే పక్క, అదే చోట.

అసీమో ఆ రెండు తొర్రుల వంక చూసింది. ఊటబావికి పోతుంటే వినబడిన టక్కుమన్న చప్పుడు అప్పుడు ఆమె గుండెల్లో మళ్ళీ వినబడింది. గరుఫాల్యా ముడిచిన కుడి చేతి వంక చూసింది. చేతి కణుపులు తెల్లబడి ఉన్నాయి.

సెరాఫిమ్ ఒక తొర్రి మీద బొటనవేలు పెట్టి రాశాడు. అది ఏట్లో గులకరాయిలా అరిగి నున్నగా ఉంది. రెండోదాని మీద రాశాడు. వేలు చురుక్కుమంది, చిన్న రక్తపు చుక్క కనబడింది. ఆయనకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని అసీమోకు తెలిసింది. ఆయన నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు, స్తాథిస్ గోనెసంచీలోకి పోతాడు.

గరుఫాల్యా కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెప్పు, నీ అన్న ఎవరు? మైకులో ఇన్నేళ్ళు చెప్పావుగా. ఇప్పుడు ముఖం చూసి చెప్పు. తప్పుగా చూపించావంటే లూకాస్‌ను నీ చేత్తో నువ్వే ఏట్లో పారేసినట్టు."

సెరాఫిమ్ వేలి మీద రక్తాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. తల్లి చేతి వంక చూశాడు, ఆ చేతిలో ఏముందో కూడా ఆయనకు తెలుసు. కన్నకొడుకు తలను రాతి మీద పెట్టి కొట్టిన తల్లికి ఇంక తను చేయగలిగింది ఏమీ లేదని ఆయన ముఖంలో కనబడింది.

"నాకు తెలియడం లేదు," అన్నాడు.

"ఏంటి?" సార్జెంటు దగ్గరికి వచ్చాడు. "పన్ను అన్నావుగా. కుప్పలోంచి ఏరి ఇస్తానన్నావుగా."

"ఇద్దరికీ లేదండీ."

"అయితే రెండూ సంచీలో వెయ్యండి!"

సెరాఫిమ్ లేచి నిలబడ్డాడు. "అందులో ఒకడు మా అన్న," అన్నాడు. ఆ గొంతు మైకులో గొంతు కాదు. "చెయ్యెయ్యమనండి చూద్దాం."

లాంబ్రో లేచింది. ఆ పక్కామె లేచింది. ఒక్కొక్కరే మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ ఆడవాళ్ళంతా లేచారు. అందరి చేతులూ మణికట్టుల దాకా ద్రాక్షసారాతో ఎర్రగా తడిసి ఉన్నాయి. కానిస్టేబులు పక్క లోయ కుర్రాడు, వాళ్ళమ్మ కూడా ఆ శనివారం ఎక్కడో ఇలాగే కూర్చుని కడుగుతూ ఉంటుంది. గోనెసంచీని చుట్టచుట్టి వీపు వెనక పెట్టుకున్నాడు.

సార్జెంటు ఇటు చూశాడు, అటు చూశాడు. పుర్రెల కోసం ముసలమ్మల మీద లాఠీ ఎత్తాడన్న పేరు పై అధికారుల దగ్గర అంత బాగుండదని ఆయనకు ఆ ఎండలో కూడా తోచింది.

"మీ ఊరి సంగతి పైకి రాస్తాను," అన్నాడు జీపెక్కుతూ. "ఒక్కొక్కరి పేరూ రాస్తాను."

"రాసుకో నాయనా," అంది లాంబ్రో. "మమ్మల్ని రాయడం సుల్తాను వల్లే కాలా."

*

మధ్యాహ్నం దాటాక లారీలోకి పెట్టెలు ఎక్కించారు. స్తాథిస్‌కు వేరే పెట్టె లేదు. లూకాస్ పెట్టెలోనే ఇద్దరినీ సర్దారు. తలలు పక్కపక్కన పెట్టారు. మూత మీద లూకాస్ పేరు పక్కన అసీమో బొగ్గుతో రెండో పేరు రాసింది. సెరాఫిమ్ దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. అడ్డం రాలేదు, దగ్గరికీ రాలేదు.

గరుఫాల్యా అసీమో చెయ్యి పట్టుకుని చర్చి గోడ దగ్గరికి నడిచింది. అక్కడ పొద్దుటి నుంచి ముడిచి ఉన్న పిడికిలి విప్పింది. చిన్న పన్ను ముక్క అరచేతికి గుచ్చుకుని మచ్చ పడి ఉంది.

"ఎట్టా చెయ్యబుద్దేసింది అత్తా నీకు?" అంది అసీమో, ఏడుస్తూ.

"ఆ రోజు రాయి ఏసింది నా కొడుకేగా. తొర్రి ఒక్కడికే ఎందుకుండాల?" ముసలామె చెయ్యెత్తి ముక్కను కప్పు మీదికి విసిరింది. చెయ్యి అంత పైకి లేవలేదు, ముక్క గోడకు తగిలి గడ్డిలో పడింది. "నువ్వెయ్యి. నాకు అందట్లేదు."

అసీమో గడ్డిలో వెతికి తీసి, రెండడుగులు వెనక్కి వేసి, బలంగా విసిరింది. ముక్క పలకరాళ్ళ మీద టకటకా దొర్లి కప్పు నడుమ ఆగింది. ఇంకొన్నాళ్ళకు ఆ కప్పు కూడా నీళ్ళలోకి పోతుంది.

కప్పు కొసన కూర్చున్న కాకి ఒకటి తల పక్కకు వాల్చి చూసింది. గరుఫాల్యా దాని వైపు వేలు చూపించి, లారీ దగ్గర నిలబడ్డవాళ్ళందరికీ వినబడేలా అరిచింది.

"ఇదిగో కాకీ, ఇంకోటి తీసుకో! ఈసారి మోసం చేశావో చూడు. ఇనప పన్నే ఇయ్యి. మేం కొరకాల్సినోళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు!"